బుడమేరు ముంపును రాడార్ చిత్రాలతో కొలవడం ఎలా: భూగోళ పరిశోధకులకు బిగ్ డేటా పని విధానం

విజయవాడ ముంపు మీద పరిశోధన చేయాలంటే ఒకప్పుడు చేతిలో ఉండేవి సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటం, రెవెన్యూ లెక్కలు, కొన్ని వందల ఇళ్లకు తిరిగి నింపిన ప్రశ్నావళి. 2008లో ల్యాండ్‌శాట్ చిత్రాల భాండాగారం మొత్తం ఉచితమైంది. 2014 ఏప్రిల్‌లో యూరప్ అంతరిక్ష సంస్థ సెంటినెల్-1ఏ రాడార్ ఉపగ్రహాన్ని పంపి, ఆ డేటాను కూడా అందరికీ తెరిచింది. డేటా కొరత అలా చాలావరకు తీరింది. ఇప్పుడు లెక్క వేయడం తేలిక. వేసిన లెక్క నేల మీద నిలుస్తుందా లేదా తేల్చడమే అసలు పని, పరిశోధకుడి సమయంలో సింహభాగం దానికే పోవాలి.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానకు విజయవాడ పక్కన పారే వాగు బుడమేరు పొంగింది, మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, కండ్రిక నీట మునిగాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11.4 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ ముంపు ఎంత విస్తీర్ణంలో ఉందో ఉచిత డేటాతో కొలిచే పద్ధతి ఇది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలోనో, విజయవాడ ప్లానింగ్ స్కూల్లోనో ప్రాజెక్టు చేసే విద్యార్థి ఒక మామూలు ల్యాప్‌టాప్‌తో చేయగల పని.

ముందుగా ప్రశ్న, హద్దు

"బుడమేరు వరద మీద బిగ్ డేటా అధ్యయనం" అన్నది ప్రశ్న కాదు. "ఫలానా తేదీ, ఫలానా గంటకు నిలిచి ఉన్న నీరు ఎన్ని ఎకరాలు, అందులో ఇళ్లున్న నేల ఎంత" అన్నది ప్రశ్న. అలా రాసుకుంటే ఏ డేటా కావాలో, ఏది అనవసరమో వెంటనే తెలుస్తుంది.

హద్దుగా తూర్పు రేఖాంశం 80.45 నుంచి 80.85, ఉత్తర అక్షాంశం 16.42 నుంచి 16.75 వరకు ఒక దీర్ఘచతురస్రం తీసుకోండి. ఉత్తరాన వెలగలేరు రెగ్యులేటరు వైపు నుంచి దక్షిణాన కృష్ణ అవతలి ఒడ్డు తాడేపల్లి దాకా, తూర్పున గన్నవరం దాకా వస్తుంది. ఇది సుమారు 43 కిలోమీటర్లు × 37 కిలోమీటర్లు. 10 మీటర్ల పిక్సెల్‌తో 1.6 కోట్ల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున ఒక పొర 64 ఎంబీ. ఒకే కక్ష్యలో 12 రోజులకొక చిత్రం అంటే ఏడాదికి ముప్ఫై, పదేళ్లకు మూడు వందలు. ఒక్కో చిత్రంలో ఉండే రెండు పొరలకూ కలిపి, హద్దు వరకు కత్తిరించుకున్నా 38 జీబీ. కత్తిరించకుండా పూర్తి చిత్రాలు దించుకుంటే ఒక్కొక్కటి సుమారు ఒక జీబీ, అంటే 300 జీబీ. అందుకే డేటాను ఇంటికి తెచ్చుకోకుండా లెక్కనే డేటా దగ్గరికి పంపాలి. ఆ సౌకర్యం గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో ఉంది. వాణిజ్యేతర పరిశోధనకు ఉచితం. ఒక క్లౌడ్ ప్రాజెక్టు తెరిచి నమోదు చేసుకుంటే చాలు. తుది మ్యాపు గీయడానికి క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేరు పెట్టుకోండి.

రాడారే ఎందుకు అంటే, వరద రోజుల్లో ఆకాశం నిండా మబ్బే. సెంటినెల్-2 లాంటి కాంతి ఉపగ్రహానికి మబ్బు కింద ఏమీ కనబడదు. సెంటినెల్-1 పంపే 5.5 సెంటీమీటర్ల తరంగం మబ్బును దాటి వస్తుంది, రాత్రయినా పని చేస్తుంది. కదలని నీటి మీద పడిన తరంగం అద్దం మీద పడ్డట్టు అవతలికి జారిపోతుంది, ఉపగ్రహానికి తిరిగి రాదు. అందుకే నీరు నల్లగా కనిపిస్తుంది.

చిత్రాలు ఎంచుకోవడం

ఎర్త్ ఇంజిన్‌లో సెంటినెల్-1 జీఆర్‌డీ (సంకేత బలం మాత్రమే ఉండే, సిద్ధం చేసిన చిత్రాలు) సేకరణను తెరిచి నాలుగు వడపోతలు పెట్టాలి: ఐడబ్ల్యూ విధానం (నేల మీద వెడల్పాటి పట్టీని చూసే తీరు), వీవీ–వీహెచ్ రెండు ధ్రువణాలూ (తరంగం పంపిన, అందుకున్న దిశలను బట్టి వచ్చే రెండు పొరలు) ఉన్న చిత్రాలు, ఒకే ప్రయాణ దిశ, ఒకే సాపేక్ష కక్ష్య సంఖ్య (ఉపగ్రహం మళ్లీ మళ్లీ వచ్చే అదే దారి). చివరి రెండూ చాలామంది వదిలేస్తారు. ఉపగ్రహం తూర్పు నుంచి చూసిన చిత్రాన్నీ పడమర నుంచి చూసిన చిత్రాన్నీ పోలిస్తే కొండపల్లి కొండల నీడలు అటూ ఇటూ మారి, అక్కడ లేని వరద పుట్టుకొస్తుంది. ఇళ్ల గోడల మెరుపు కూడా చూసే దిక్కును బట్టి మారుతుంది.

ఏ లెక్కా మొదలుపెట్టకముందే, వడపోతలో మిగిలిన చిత్రాల తేదీలనూ సమయాలనూ జాబితాగా ముద్రించి చూడండి. 2024లో సెంటినెల్-1ఏ ఒక్కటే పనిచేసింది. దాని జంట 1బీ 2021 డిసెంబరులో పాడైంది, 1సీ వెళ్లింది 2024 డిసెంబరులో. కాబట్టి అప్పుడు ఒక కక్ష్యలో 12 రోజులకు ఒక్కసారే చూపు దొరికేది. మీ చిత్రం ముంపు పతాక స్థాయిలో ఉన్నప్పటిది కాకపోవచ్చు, నాలుగైదు రోజుల తర్వాత మిగిలిన నీటిదే కావచ్చు. ఆ తేదీ, గంట మ్యాపు శీర్షికలోనే ఉండాలి. "సెప్టెంబరు 2024 వరద" అని రాసిన మ్యాపును చూసినవాళ్లు అదే గరిష్ఠ ముంపు అనుకుంటారు. ఎర్త్ ఇంజిన్‌లో సమయం యూటీసీలో ఉంటుంది, అయిదున్నర గంటలు కలపడం మరవొద్దు.

హద్దు రెండు చిత్రాల అంచున పడితే ఒకే రోజువి రెండు ముక్కలు వస్తాయి. వాటిని రెండు వేర్వేరు రోజులుగా లెక్కించకుండా అతికించండి.

"ముందు" చిత్రం

ఫలితం నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే. వరద మ్యాపు అంటే ముందు చిత్రానికీ తర్వాతి చిత్రానికీ ఉన్న తేడా. బయటి దేశాల పాఠాల్లో "వరదకు ఒక నెల ముందు చిత్రం తీసుకోండి" అని ఉంటుంది. కృష్ణా డెల్టాలో అలా చేస్తే తప్పు మ్యాపు వస్తుంది. ఎందుకంటే కాలువలకు నీళ్లు వదిలాక జులై, ఆగస్టుల్లో దమ్ములు చేసి నాట్లు వేస్తారు. అప్పుడు పొలంలో రెండు మూడు అంగుళాల నీరు ఉంటుంది, మొక్క ఇంకా పలచగా ఉంటుంది. రాడార్‌కు అది చెరువే. జులైలో ఎండి ఉన్న మడి సెప్టెంబరు మొదట్లో నీటితో ఉంటే, తేడా చూసే లెక్క దాన్ని వరదగా రాస్తుంది. గన్నవరం, ఉయ్యూరు వైపు వేల ఎకరాల నాట్లు ముంపు ఖాతాలో పడతాయి.

విరుగుడు: అదే ఏడాది ముందు నెలలతో పోల్చకండి. 2019 నుంచి 2023 వరకు ప్రతి ఏడాదీ ఆగస్టు 20 – సెప్టెంబరు 15 మధ్య చిత్రాలన్నిటినీ తీసుకోండి. ప్రతి పిక్సెల్‌కూ ఆ రోజుల్లో ఉండే మామూలు విలువ, ప్రామాణిక విచలనం (విలువలు ఎంత ఊగుతాయో చెప్పే కొలత) కట్టండి. 2024 చిత్రం ఆ మామూలు నుంచి ఎన్ని విచలనాలు కిందికి పడిందో చూడండి. ఏటా ఆ రోజుల్లో నీళ్లుండే వరి మడి "మామూలే" అని బయటపడుతుంది. ఒక్క ఏడాదితో మాత్రం సరిపెట్టుకోకూడదు. కృష్ణకు నీళ్లు రాని 2023 లాంటి ఏడాది నాట్లు వెనకబడతాయి, నీళ్లున్న ఏడాది ముందే పడతాయి. అయిదేళ్లు కలిపితే ఆ ఊగిసలాట విచలనంలోకి వచ్చేస్తుంది.

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. నాట్లు వేసిన మడి మీదే వరద నీరు వస్తే రెండూ నలుపే, రాడార్ తేడా చెప్పలేదు. అలాంటి చోట్లకు "వరద", "వరద కాదు" అని కాకుండా "తేల్చలేనిది" అనే మూడో రంగు ఇవ్వండి. పంట నష్టం లెక్కకు ఈ మ్యాపు చాలదని పక్కనే రాయండి. మూడో రంగు వేయడానికి చాలామంది జంకుతారు, మ్యాపు అసంపూర్ణంగా కనిపిస్తుందని. నిజానికి చూసేవాడికి అన్నిటికంటే పనికొచ్చే రంగు అదే: ఎక్కడికి మనిషిని పంపాలో చెబుతుంది.

లెక్క

విలువలు డెసిబెల్‌లో ఉంటాయి. డెసిబెల్ లాగరిథమ్ కొలత కాబట్టి వాటిని నేరుగా సగటు చేయకూడదు. మామూలు శక్తి విలువలోకి మార్చి, సగటు కట్టి, మళ్లీ డెసిబెల్‌లోకి తేవాలి. మీడియన్ (మధ్య విలువ) తీసుకుంటే ఈ బాధ లేదు. రాడార్ చిత్రంలో ఉప్పూ కారం చల్లినట్టుండే చుక్కల రొద తగ్గించడానికి 50 మీటర్ల వ్యాసార్ధంతో నునుపు చేయండి. అంతకు మించితే సన్న కాలువలు మాయమవుతాయి.

తర్వాత వీహెచ్ పొర మీద రెండు షరతులు కలిపి పెట్టండి. ఒకటి, మామూలు కంటే కనీసం 3 డెసిబెల్ తగ్గి ఉండాలి, అంటే సంకేత శక్తి సగానికి పడి ఉండాలి. దానితోపాటు పైన కట్టిన విచలనం లెక్కలో 2.5 కంటే ఎక్కువ కిందికి పడి ఉండాలి. రెండు, విలువ నీటి గీతకు దిగువన ఉండాలి. ఆ గీత తరచు మైనస్ 20 డెసిబెల్ పరిసరాల్లో ఉంటుంది కానీ, పుస్తకంలో అంకె తెచ్చి పెట్టకుండా మీ చిత్రం నుంచే తీయండి. 1979 నాటి ఆట్సు పద్ధతి హిస్టోగ్రామ్‌లో (ఏ విలువ ఎన్ని పిక్సెళ్లకు ఉందో చూపే బొమ్మ) రెండు గుట్టల మధ్య లోయను వెతుకుతుంది. మొత్తం హద్దు మీద దాన్ని నడిపితే నీటి వాటా చిన్నది కాబట్టి రెండో గుట్టే కనబడదు, గీత ఎక్కడో నేల మధ్యలో పడుతుంది. అందుకని ప్రకాశం బ్యారేజీకి ఎగువన, నదీ నేలా చెరిసగం వచ్చేలా ఒక చిన్న చతురస్రం గీసి, దాని మీదే గీత తీసి, మిగతా అంతటికీ వాడండి. గాలి బలంగా ఉన్న రోజు అలల వల్ల నది తెల్లబడుతుంది. అప్పుడు హిస్టోగ్రామ్‌ను కంటితో చూసి నిర్ణయించాల్సిందే.

వరద కానివి, వరదలా కనిపించేవి ఈ హద్దులో నాలుగున్నాయి. బ్యారేజీ దిగువన కృష్ణలో ఎండిన ఇసుక మేటలు నున్నగా ఉండి తరంగాన్ని తిరిగి పంపవు. గన్నవరం రన్‌వే, వెడల్పాటి తారు రోడ్లు కూడా అంతే. కొండపల్లి, ఇంద్రకీలాద్రి కొండల వెనక నీడ. తూర్పున చేపల చెరువులు నిజంగా నీరే గానీ వరద కాదు. చెరువులకూ నదికీ జేఆర్‌సీ (ఐరోపా సమాఖ్య పరిశోధన కేంద్రం) ఉపరితల జలాల డేటాలో ఏడాదికి 10 నెలలు అంతకు మించి నీరున్న పిక్సెళ్లను తీసేయండి. కొండలకు వాలు 5 డిగ్రీలు దాటినవీ, దగ్గరి వాగు కంటే 15 మీటర్లకు మించి ఎత్తున్నవీ తీసేయండి. చివరగా ఎనిమిది కంటే తక్కువ పిక్సెళ్ల గుంపులను తుడిచేయండి. ఎనిమిది పిక్సెళ్లంటే 800 చదరపు మీటర్లు, సుమారు 20 సెంట్లు.

వాలు కోసం వాడే ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటా 2000 ఫిబ్రవరిలో తీసినది, తప్పు కొన్ని మీటర్ల దాకా ఉంటుంది. వాలు తీయడానికి పరవాలేదు. దాంతో "సింగ్‌నగర్‌లో ఎన్ని అడుగుల నీరు" అని లోతు మ్యాపు మాత్రం వేయొద్దు. డెల్టా నేలలో ఎత్తుపల్లాల తేడాయే ఒకటి రెండు మీటర్లు, డేటా తప్పు దానికంటే పెద్దది.

ఊళ్లో ఇళ్ల మధ్య నీరు

ఇంతవరకు వచ్చిన మ్యాపు తెరిచి సింగ్‌నగర్ మీదికి వెళ్లి చూడండి. అందరూ పడవల్లో బయటపడ్డ వీధులు "పొడి నేల"గా కనిపించే అవకాశం ఎక్కువ. పద్ధతిలో తప్పు లేదు, భౌతిక సూత్రమే అంత. ఇళ్ల మధ్య నీటి మీద పడిన తరంగం జారి గోడకు తగిలి, మళ్లీ ఉపగ్రహం వైపే తిరుగుతుంది. నల్లబడాల్సిన చోటు ఇంకా తెల్లబడుతుంది. పైగా పిక్సెల్ 10 మీటర్లయినా అసలు స్పష్టత సుమారు 20 మీటర్లే. ఇరవై అడుగుల వీధి అందులో విడిగా కనబడదు.

రెండు దారులున్నాయి. తేలికది: భవనాలున్న చోట్ల వీవీ పొర మామూలు కంటే గణనీయంగా పెరిగిందా అని కూడా వెతకడం. గోడలు రాడార్‌కు అభిముఖంగా ఉన్న వీధుల్లో ఇది పట్టిస్తుంది, ఏటవాలుగా ఉన్నచోట పట్టించదు. బలమైనది: కోహెరెన్స్. ఒకే కక్ష్యలోని రెండు చిత్రాల మధ్య తరంగం దశ ఎంత మారకుండా ఉందో 0 నుంచి 1 వరకు చెప్పే కొలత అది. కట్టడాలు కదలవు కాబట్టి ఊళ్లో ఇది మామూలుగా ఎక్కువ. ఇళ్ల చుట్టూ నీరు చేరగానే పడిపోతుంది. వరదకు ముందు రెండు చిత్రాల జత ఒకటి, ముందు–వరద చిత్రాల జత ఒకటి కట్టి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మునిగిన వీధులు బయటపడతాయి. దీనికి ఎస్ఎల్‌సీ రకం ఫైళ్లు (తరంగం దశ సమాచారం కూడా ఉండేవి) కావాలి, అవి ఎర్త్ ఇంజిన్‌లో ఉండవు. అలాస్కా శాటిలైట్ ఫెసిలిటీ నడిపే హైప్3 సేవలో జతలు ఎంచి ఇస్తే అక్కడే లెక్క కట్టి కోహెరెన్స్ పొర ఇస్తారు, ఉచితం. మీ కంప్యూటరులోనే స్నాప్ సాఫ్ట్‌వేరుతో చేయాలంటే కనీసం 16 జీబీ మెమరీ ఉండాలి.

ఈ మెట్టు ఎక్కకుండా "విజయవాడ ముంపు ఇంత" అని ప్రచురిస్తే, ఎక్కువ మంది ఇబ్బంది పడ్డ కాలనీలే లెక్కలోంచి జారిపోతాయి. వరి పొలం ముంపుగా, సింగ్‌నగర్ పొడిగా ఉన్న మ్యాపుతో సాయం పంపితే అది వెళ్లాల్సిన చోటికి వెళ్లదు. అందుకే ఈ ఒక్క మెట్టు విషయంలో రాజీ పనికిరాదు.

విస్తీర్ణం, మనుషులు

విస్తీర్ణం కట్టేటప్పుడు ఎర్త్ ఇంజిన్ తరచు రెండు తప్పులు చేయిస్తుంది. మొదటిది "పిక్సెళ్లు మరీ ఎక్కువ" అనే సందేశం: లెక్కకు ముందే పెట్టిన పరిమితి కోటి పిక్సెళ్లు, మన హద్దులో 1.6 కోట్లు. పరిమితిని పెంచితే సరిపోతుంది. రెండోది మౌనంగా జరుగుతుంది కాబట్టి ప్రమాదం. మీడియన్ కట్టిన చిత్రానికి సొంత కొలత ఉండదు, ఒక డిగ్రీని ఒక పిక్సెల్‌గా తీసుకుంటుంది. స్కేలు 10 మీటర్లు అని మీరు చెప్పకపోతే సందేశం ఏమీ రాదు, అర్థం లేని అంకె వస్తుంది. ఎగుమతికి ఈపీఎస్‌జీ 32644, అంటే యూటీఎం 44 ఉత్తర మండలం అనే, మీటర్లలో కొలిచే పట వ్యవస్థ ఇవ్వండి. విజయవాడ, గుంటూరు రెండూ అందులోనే. పది మీటర్ల పిక్సెళ్లు నలభై కలిస్తే సుమారు ఒక ఎకరం.

జనం లెక్కకు వరల్డ్‌పాప్, జీహెచ్ఎస్-పాప్ అనే రెండు గడుల డేటాలున్నాయి. మన దగ్గర పూర్తయిన చివరి జనగణన 2011దే. గడుల్లోని అంకెలు అలాంటి పాత లెక్కలను భవనాలు, రోడ్ల ఆధారంగా పరచిన అంచనాలు. రెండింటితోనూ లెక్క కట్టి రెండు అంకెలూ ఇవ్వండి, ఒకే అంకె ఇవ్వొద్దు.

డివిజన్ల వారీగా, జిల్లాల వారీగా విడగొట్టేటప్పుడు సరిహద్దు ఫైలు ఏ ఏటిదో చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. మన హద్దు ఒకప్పుడు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఉండేది. ఇప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో, గన్నవరం కృష్ణాలో, తాడేపల్లి గుంటూరులో ఉన్నాయి. పాత పట్టికను కొత్త సరిహద్దుతో జోడిస్తే "కృష్ణా జిల్లా ముంపు సగానికి తగ్గింది" లాంటి వింత ఫలితాలు వస్తాయి. గీతలు మార్చితే అంకెలు మారడం భూగోళ శాస్త్రంలో పాత సమస్యే. పిక్సెల్ స్థాయి ఫలితాన్ని దాచుకుంటే ఎప్పుడైనా కొత్త గీతలతో మళ్లీ కూడవచ్చు.

వాన డేటా కూడా కలుపుదామనుకుంటే ఐఎంఈఆర్‌జీ అనే నాసా ఉపగ్రహ వాన డేటా అరగంటకొకసారి వర్షపాతం ఇస్తుంది, కానీ దాని గడి 0.1 డిగ్రీ, సుమారు 11 కిలోమీటర్లు. నగరమంతా రెండు మూడు గడుల్లో ఇమిడిపోతుంది. మైలవరం వైపు బుడమేరు పుట్టే కొండల్లో ఎంత కురిసిందో చూడటానికి పనికొస్తుంది. డివిజన్ల వారీ వాన మ్యాపుకు పనికిరాదు.

సోషల్ మీడియా పోస్టులతో ముంపు మ్యాపు వేయాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. 2012లో అమెరికాలో శాండీ తుపాను సమయంలో ట్వీట్లు ఎక్కువగా మన్‌హటన్ నుంచి వచ్చాయి, ఎక్కువ దెబ్బతిన్న తీర ప్రాంతాల నుంచి కాదు. కరెంటు పోయి, ఫోను చార్జింగు అయిపోయిన చోటు నుంచి పోస్టు రాదు. పోస్టులు లేనిచోట ముంపు లేదని కాదు. రాడార్ మ్యాపును సరిచూడటానికి ఫొటోలు వాడుకోండి, మ్యాపునే వాటి మీద కట్టకండి.

నేల మీద సరిచూడటం

క్యూజీఐఎస్‌లో ముంపు ప్రాంతంలో 60, ముంపు కాని ప్రాంతంలో 60 యాదృచ్ఛిక బిందువులు వేసుకోండి. తరగతికి 50 కంటే తగ్గితే ఫలితం ఊగిపోతుంది. దారిలో దొరికిన చోట్లు ఎంచుకోవద్దు, బిందువు పడ్డచోటికే వెళ్లాలి. గోడ మీద నీటి మరక ఎత్తు టేపుతో కొలవండి. ఆ ఇంట్లోవాళ్లను "నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఎప్పుడు తీశాయి" అని రెండూ అడగండి. ఉపగ్రహం చూసిన గంటకు అక్కడ నీరుందా అన్నదే మీ ప్రశ్న, మరక మాత్రం గరిష్ఠ మట్టాన్ని చెబుతుంది. కోబోటూల్‌బాక్స్‌లో ఫారం చేసుకుంటే నెట్‌వర్క్ లేకున్నా నింపవచ్చు. ఫోను జీపీఎస్ ఇరుకు వీధుల్లో పది పదిహేను మీటర్లు తప్పుతుంది, కాబట్టి మ్యాపు మీద వేలితో కూడా గుర్తు పెట్టించండి.

లెక్క ఇలా కడతారు, అంకెలు ఉదాహరణకే. ముంపు బిందువులు 60లో 51 సరి, అంటే 85 శాతం. ముంపు కాదన్న 60లో 6 చోట్ల నిజంగా నీరుంది, అంటే 10 శాతం. చూడటానికి మంచి మ్యాపే. కానీ మ్యాపు ప్రకారం ముంపు మొత్తం ప్రాంతంలో 10 శాతమే అనుకోండి. 10లో 85 శాతం అంటే 8.5. మిగిలిన 90లో 10 శాతం అంటే 9. కలిపితే అసలు ముంపు 17.5 శాతం, మ్యాపు చూపినదానికి రెట్టింపుకు దగ్గర. ప్రచురించాల్సింది ఈ సరిదిద్దిన అంకె, దానితోపాటు తప్పుల పట్టిక.

బయట పెట్టేటప్పుడు

ఇంటి స్థాయి బిందువులు, నీటి మరక ఫొటోలు బయట పెట్టకండి. వంద మీటర్ల గడికో, డివిజన్‌కో కూడి ఇవ్వండి. పేర్లు తీసేస్తే చాలదు. పదిహేను లక్షల మంది ఫోను కదలికల మీద 2013లో వచ్చిన అధ్యయనంలో నాలుగు చోటు–సమయం బిందువులతోనే 95 శాతం మందిని విడిగా గుర్తించగలిగారు. మన దేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఉంది.

మ్యాపుతోపాటు స్క్రిప్టు, చిత్రాల తేదీలు, కక్ష్య సంఖ్య, నీటి గీత అంకె, వాడిన ప్రతి డేటా వెర్షన్ ఒక టెక్స్ట్ ఫైలులో పెట్టండి. ఎర్త్ ఇంజిన్‌లో డేటా వెర్షన్లు మారుతుంటాయి. ఏడాది తర్వాత అదే స్క్రిప్టు వేరే అంకె ఇస్తే కారణం వెతకడానికి ఆ ఫైలే ఆధారం. కాలనీల పేర్లకు తెలుగు రాత ఒక్కటే నిర్ణయించుకుని, ఇంగ్లిష్‌లో ఉన్న నాలుగైదు రకాల రాతలనూ ఒక పట్టికలో దానికి కట్టండి. లేకపోతే ఒకే సింగ్‌నగర్ మీ పట్టికలో మూడు చోట్ల కనిపిస్తుంది, మూడు వరసల్లోనూ ముంపు మూడో వంతు చొప్పున చీలి ఉంటుంది.